బడి మీద నింద వేయకండి

మూఢనమ్మకాల గురించి ఎవరు నోరు విప్పినా చివరికి బడి మీదికే వస్తారు. చిన్నప్పుడే తర్కించడం నేర్పి ఉంటే జనం ఇలా తయారయ్యేవారు కాదని తేల్చేస్తారు. ఇంతకంటే అన్యాయమైన మాట లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం దేన్నయినా ఎలా నమ్ముతారో దగ్గరుండి చూసినవాడిగా సాక్ష్యం చెబుతున్నాను: మన బడి తన పని సక్రమంగానే చేసింది. అక్కడ నేర్చుకున్న పద్ధతి ప్రకారమే అందరూ నమ్ముతున్నారు.

బోరు సంగతి చూడండి. మునుగోడు వైపు గానీ కల్వకుర్తి వైపు గానీ బోరు వేయాలంటే ముందు పాయింటు పెట్టించాలి. పాయింటు పెట్టే ఆయన అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టి పొలమంతా తిరుగుతాడు. ఒకచోట కాయ లేచి నిలబడుతుంది. అక్కడ నీళ్లున్నాయన్నమాట. మరికొందరిది పంగల వేపపుల్ల పద్ధతి. ఈ రెండు శాఖల మధ్య సిద్ధాంత విభేదాలున్నాయి, మనం తల దూర్చవద్దు.

దీన్ని వెక్కిరించే ముందు భూగర్భ జలాల శాస్త్రవేత్త ఏమంటాడో కూడా వినాలి. కింద ఉన్నది గ్రానైటు, నీళ్లు దాని పగుళ్లలోనే ఉంటాయి అంటాడు. నేలలోకి కరెంటు పంపి అది ఎంత అడ్డుకుంటుందో కొలిచే రెసిస్టివిటీ మీటరు పెట్టి చూసి, చివరికి "ఇక్కడ పడే అవకాశం ఉంది" అంటాడు. అవకాశం! లక్షలు అప్పు తెచ్చిన రైతుకు కావలసింది అవకాశమా? కొబ్బరికాయ ఆయన అలా నసగడు. మూడు వందల అడుగుల్లో రెండించుల నీళ్లు అని ఖాయంగా చెబుతాడు. పడితే ఆయన పేరు పది ఊళ్లకు పాకుతుంది. పడకపోతే బండిని పాయింటు మీద సరిగా నిలపలేదనో, మైల తగిలిందనో, ఇంకో వంద అడుగులు పోయి ఉంటే తగిలేదనో కారణం సిద్ధంగా ఉంటుంది. ఎండిపోయిన బోరు గురించి గొప్పగా చెప్పుకునేవారు ఎలాగూ ఉండరు.

కాయ లేవడం మాత్రం అబద్ధం కాదు. మనసు ఎదురుచూసే కదలికను కండరాలు మనకు తెలియకుండానే చేసిపెడతాయని ఇంగ్లండులో కార్పెంటర్ అనే వైద్యుడు 1852లోనే వివరించాడు. జర్మనీలో 1987-88లో పెద్ద పరీక్షే పెట్టారు. కొట్టం కింది అంతస్తులో నీటి గొట్టాన్ని అటూ ఇటూ జరుపుతూ ఉంటే, అది ఎక్కడుందో పై అంతస్తులో పుల్ల పట్టుకుని నడిచే నిపుణులు చెప్పాలి. వందల మందిలోంచి ఏరిన 43 మంది వాళ్లు. పరీక్ష పెట్టినవాళ్లు కొందరిలో శక్తి ఉందని మురిసిపోయారు. తర్వాత మరొకరు లెక్కలు తిరగేసి చూస్తే, గుడ్డిగా చెప్పినదానికీ వీళ్లు చెప్పినదానికీ తేడా కనబడలేదు. (జర్మన్లూ మనవాళ్లేనని తెలిసి నాకు కొంత ఊరట కలిగింది.)

కొబ్బరికాయ మీద నాకున్న అసంతృప్తి ఒక్కటే. ఇది ఫ్లోరైడ్ నేల. లీటరులో 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. మర్రిగూడ చుట్టుపక్కల అలాంటి నీళ్లే తాగి మనుషుల ఎముకలు వంగిపోయాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తీసే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందిస్తే, దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు స్థిరపడింది. జిల్లాకు శాస్త్రలోకంలో దక్కిన కీర్తి అది. వందల అడుగుల లోతున నీళ్లను పసిగట్టే కాయ, ఆ నీళ్లలో ఏముందో ఏనాడూ చెప్పలేదు. దాన్ని ఎవరూ అడగనూ లేదు.

ఈ అడగకపోవడంలోనే బడికి రావలసిన వాటా ఉంది. ఓం నియమం ప్రయోగాన్ని గుర్తు చేసుకోండి. వోల్టేజిని విద్యుత్ ప్రవాహంతో భాగిస్తే ప్రతిసారీ ఒకే విలువ రావాలి. బ్యాటరీ నీరసించి ఉంటుంది, అమ్మీటరు ముల్లు కదలదు. అందుకని రావలసిన విలువను ముందే రాసుకుని, దానికి సరిపోయే రీడింగులను వెనక్కి లెక్కగట్టుకుంటూ వస్తారు. ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రికార్డుకు ఎక్కుతాయి. సంతకం పడుతుంది, మార్కులు పడతాయి. తనకు నిజంగా వచ్చిన రీడింగు రాసిన అమాయకుడికి మాత్రం మళ్లీ రాసుకు రమ్మని రికార్డు తిరిగి వస్తుంది. ముందే తెలిసిన ఫలితానికి కళ్లను సరిపెట్టుకోవడంలో ఇంత శిక్షణ పొందినవాడు పొలంలోకి వెళ్లి కొత్తగా ఏం చేస్తాడు?

పాఠ్యపుస్తకాలు రాసినవాళ్లను అనడానికి లేదు. ఉమ్మడి రాష్ట్రంలో సైన్సు పుస్తకాలు మార్చినప్పుడు 'ప్రశ్నించడం, పరికల్పనలు చేయడం' అని ఒక విద్యాప్రమాణమే పెట్టారు. సొంతంగా ప్రశ్న వేసిన పిల్లవాడికి మార్కులన్నమాట. ఎంత గొప్ప ఆలోచన! గైడ్లవాళ్లు దాన్నీ వదల్లేదు. ఒక వైద్యుణ్ణి కలిస్తే నీవు ఏ ప్రశ్నలు అడుగుతావు అంటే, అడగవలసిన ప్రశ్నలను వరుసగా అచ్చు వేశారు. ఇప్పుడు మన పిల్లలు జవాబులతో ఆగకుండా సందేహాలను కూడా బట్టీ పడుతున్నారు. నాలుగో సందేహం గుర్తురాక మార్కు పోగొట్టుకునే పిల్లవాడి వేదన వర్ణనాతీతం.

శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుడి విధి అని 1976లో 42వ సవరణ రాజ్యాంగంలో చేర్చింది. ప్రతిజ్ఞ అంతకంటే పాతది. 1962లో దాన్ని రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు మన నల్లగొండ జిల్లా అన్నెపర్తి ఆయనే. పెద్దలను గౌరవిస్తామని రోజూ ఉదయం చేయి చాచి పలుకుతాం. విధి సంగతి మాత్రం సాంఘికశాస్త్రంలో ఒక మార్కు ప్రశ్నగా స్థిరపడింది. మరి ఇంటి పెద్ద గ్రహణం రోజున రోకలి నిలబెట్టమంటే ఏది గెలవాలి?

రోకలి ప్రయోగమంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. గ్రహణం పట్టగానే పళ్లెంలో నీళ్లు పోసి రోకలిని నిలబెడతారు. నిలబడుతుంది. గ్రహణం విడిచేదాకా నిలబడే ఉంటుంది. ఇందులో పరికల్పన ఉంది, పరికరం ఉంది, పరిశీలన ఉంది, వీధి వీధంతా సాక్ష్యం ఉంది. లేనిదల్లా మర్నాడు మళ్లీ నిలబెట్టి చూడటం. అడుగు చదునుగా ఉండి, గరిమనాభి (బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) నుంచి గీసిన నిలువు గీత ఆ అడుగులోనే పడితే రోకలి ఉత్త మంగళవారం నాడైనా నిలబడుతుంది. ఈ సంగతి రాసి మార్కులు తెచ్చుకున్న ఇంజనీరు అబ్బాయే అమెరికా నుంచి ఫోను చేసి, "అమ్మా, నిలబడిందా?" అని అడుగుతాడు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో ఇబ్రహీంపట్నం దాటి రంగాపూర్ వేధశాలకు చేరుకుంటే, చుట్టూ జనం తలుపులు బిగించుకుని ఇళ్లలో కూర్చున్నారు. ఇప్పుడు కనీసం పళ్లెం దాకా వచ్చాం.

రోకలివల్ల ఎవరికీ నష్టం లేదు, ఒప్పుకుంటాను. కుక్కకాటుకు పసరు తాగడం అలాంటిది కాదు. కరిచే కుక్కల్లో చాలావాటికి రేబిస్ ఉండదు. కనుక పసరు తాగినవాళ్లలో చాలామంది నిక్షేపంగా ఉంటారు, ఉండి ఊరంతా చెబుతారు. గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా టీకా వేయించుకున్నవాడికి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే ఏమీ జరగలేదు. కరిచినది నిజంగా రేబిస్ కుక్క అయితే, లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. పసరు వైద్యుడి రికార్డు అందుకే అంత శుభ్రంగా ఉంటుంది. తప్పు రీడింగు చూపించవలసినవాడు తిరిగి రాడు.