గుండ్లల్ల గీయడానికి ఏముందంటే

"నల్లగొండ, పాలమూరు దిక్కు గీయడానికి ఏముంది? గుండ్లు, ముళ్లకంప. గీస్తే ఆలుగడ్డల కుప్పలా వస్తుంది. కోనసీమో అరకో పోండి. ఇక్కడే గీయాల్సొస్తే కరెంటు స్తంభాలు, మనుషులు తీసేసి గీయండి." బొమ్మలు నేర్చుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సలహా ఇది. ఒక్క ముక్కా నిలవదు.

పచ్చదనం, నీళ్లు ఉంటేనే దృశ్యమా? 1782లో వై నది మీద పుస్తకం వేసి, బొమ్మకు తగిన దృశ్యం ఎట్లుంటుందో ఇంగ్లండు జనానికి నేర్పిన విలియం గిల్పినే ఒప్పుకోడు. నునుపు అందమే కావచ్చు, బొమ్మకు పనికొచ్చేది గరుకుతనం అన్నాడాయన. ఆ లెక్కన మన నల్లగొండ లతీఫ్‌సాబ్ గుట్టకు ఏం తక్కువ? అప్పటి యాత్రికులు దృశ్యానికి వీపు తిప్పి, చేతిలోని నల్లటి ఉబ్బెత్తు అద్దంలో దాన్ని చూసి మురిసేవాళ్లు. ఆ చూపు పుట్టుకతో వచ్చింది కాదు, నేర్చుకున్నదే.

ఆలుగడ్డల మాట నిజమే, ప్రతి గుండు చుట్టూ ఒకే ఒత్తిడితో గీత తిప్పితే. మన రాయి నిలువు, అడ్డం పగుళ్ల వెంట విడిపోయి, మూలలు ముందు అరిగి గుండ్రమైంది. అందుకే ముందు హెచ్‌బీ పెన్సిల్‌తో పగుళ్లు గీసి, గుండును పెట్టెలా కట్టి, తర్వాత మూలలు చెక్కాలి. ఎండ పడే పైభాగం తెల్లగా వదలండి. పక్కకు కొంచెం ముదురు 2బీ, రెండు గుండ్ల సందుకు బాగా ముదురు 6బీ. బరువు తెలిసేది ఆ సందులోనే. వాననీళ్లు జారిన నల్లచారలు రాయి వంపు వెంటే దిగాలి, తిన్నగా లాగితే గుండు పలకైపోతుంది. పొద్దున తొమ్మిదిలోపో, సాయంత్రం నాలుగు దాటాకో కూర్చోండి. మిట్టమధ్యాహ్నం నీడ ఉండదు, గుట్టంతా చదునుగా కనిపిస్తుంది. రంగుల్లో నీడకు నలుపు వద్దు. ఎర్రచెల్క నుంచి తిరిగొచ్చే వెలుగుకు గుండు అడుగుభాగం ఎర్రబారుతుంది. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలిపితే ఆ నీడ దొరుకుతుంది.

ఇక మనుషుల్ని తీసేయమనడం. అన్నింట్లోకీ అన్యాయమైన మాట ఇదే. ఇంగ్లండు చిత్రకారుడు గెయిన్స్‌బరో 1750 ప్రాంతంలో గీసిన ఆండ్రూస్ దంపతుల చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. పొలంలో కోసి కట్టిన మోపులున్నాయి, కోసిన కూలీ ఒక్కరూ లేరు. భూమి ఎవరిదో చెప్పడానికి గీయించుకున్న బొమ్మ అది. నల్లగొండ పక్కన పానగల్లులోని ఉదయసముద్రం చెరువు కట్ట, తూము, అలుగు మనుషులు మోసిన మట్టీ రాయీ. ఎన్నో రాష్ట్రాల ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరులోనే మట్టి మనిషి బొమ్మకు అడ్డమా?

చదును చెల్కలో నిలబడి గీసేటప్పుడు దగ్గరి మనిషి తల, దూరపు మనిషి తల రెండూ దాదాపు దిగంతరేఖ (నేల, ఆకాశం కలిసే గీత) మీదే ఉంటాయి, దూరపు మనిషి పాదాలే పైకి జరుగుతాయి. స్తంభాలు దూరం పోయేకొద్దీ పొట్టివవ్వాలి, వాటి మధ్య ఎడమూ తగ్గాలి. ఎడం సమానంగా పెడితే బాట గోడెక్కినట్టుంటుంది.