కొండపల్లి మొలకలకు ర్యాంకులు ఎప్పుడు?

పెంపకంలో బెజవాడవాళ్లం ఎవరికీ తీసిపోము. పదహారేళ్ల పిల్లవాణ్ణి జూన్‌లో హాస్టల్లో దింపి, రెండేళ్లు తిరిగేసరికి ర్యాంకుగా మార్చి, బెంజి సర్కిల్ దగ్గర ఫ్లెక్సీకి ఎక్కించగల నగరం మాది. అలాంటి నగరానికి కూతవేటు దూరంలో, కొండపల్లి అడవిలో, చెట్ల మొలకలు ఏ పర్యవేక్షణా లేకుండా వాటి ఇష్టం వచ్చినట్టు పెరుగుతున్నాయంటే ఇది ఉపేక్షించదగిన విషయం కాదని మనవి.

నిరుడు వానాకాలంలో ఖిల్లాకు పోయే దారిలో స్వయంగా తనిఖీ చేశాను. వానకు గట్టు కోసుకుపోయిన చోట ఒక తుమికి మొక్క కనబడింది. జానెడు ఎత్తు, ఐదు ఆకులు, అందులో ఒకటి పురుగు కొట్టినది. కాండం అగరుబత్తి పుల్లంత. గట్టు విరిగిన వైపు బయటపడిన వేరు మాత్రం నా బొటనవేలికన్నా లావుగా ఉండి, రాళ్ల సందుల్లోకి ఎంత లోతున దిగిందో అంతు చిక్కలేదు. ఇది ఎన్నాళ్ల మొక్క అని మేకలు తోలుకొస్తున్న పెద్దాయనను అడిగితే, "ఎండాకాలం పైన మాడిపోద్దండీ, వానలు పడితే మళ్లీ లేస్తది. నేను చూడబట్టి ఏడెనిమిదేళ్లుగా ఇంతే" అన్నాడు. అంటే ఏటా తప్పడం, ఏటా అదే తరగతిలో చేరడం!

శాస్త్రజ్ఞులు దీన్ని వెనకేసుకొస్తున్నారు. నీరు దొరకని నెలల్లో, నిప్పు పాకే వేసవిలో, పైకాండాన్ని వదులుకుని వేరులో తిండి దాచుకున్న మొలకే ఎండు అడవిలో బతికి బట్టకడుతుందట. సాల వృక్షం, మన శేషాచలం ఎర్రచందనం కూడా చిన్నతనంలో కొన్నేళ్లపాటు ఇలాగే ఎండి, చిగిర్చి, వేరు బలిశాకే నిటారుగా లేస్తాయట. తప్పిన పిల్లల తల్లిదండ్రులు చెప్పే సాకులకూ దీనికీ నాకు తేడా కనబడలేదు. ఇక కొండపల్లి బొమ్మలకు కావలసిన తెల్లపొణికి చెట్టు గింజ పెంకు ఎంత గట్టిదంటే, అది అసలు అడ్మిషనే ఒక పట్టాన తీసుకోదు.

తడి అడవుల్లో పరిస్థితి మరీ అధ్వానం. అక్కడ నీడకు ఓర్చుకునే మొలకలు ఏడాదికి అంగుళమైనా పెరగకుండా ఏళ్ల తరబడి కూర్చుంటాయి; పైన ఏ మానో కూలి వెలుతురు పడితేగాని కదలవు. పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల మొదట్లో 50 హెక్టార్లు గుర్తించి, ఒక సెంటీమీటరు మందం వచ్చిన ప్రతి కాండానికీ నంబరు బిళ్ల తగిలించి, సుమారు ఐదేళ్లకోసారి కొలుస్తున్నారు. తమిళనాడు ముదుమలైలోనూ 1988 నుంచి అలాంటి 50 హెక్టార్లు ఉన్నాయి. రోల్ నంబరు ఇవ్వడం ముదావహమే. కానీ ఐదేళ్లకోసారి పరీక్ష ఏమిటి? మా దగ్గర ప్రతి ఆదివారం ఉంటుంది.

న్యాయంగా ఒక్కటి ఒప్పుకోవాలి. తల్లిచెట్టు కిందనే పడిన గింజలనూ మొలకలనూ ఆ జాతినే వెతుక్కునే పురుగులు, బూజులు ఎక్కువగా పొట్టన పెట్టుకుంటాయని, దూరంగా పడినవే నిలదొక్కుకుంటాయని 1970లో జాన్జెన్, 1971లో కానెల్ అనే జీవావరణ శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. హాస్టళ్లకు ఇంతకన్నా గట్టి సమర్థన నేను వినలేదు. దింపిరావడానికి పిట్టలు, గబ్బిలాలు, పునుగుపిల్లులు ఉన్నాయి. వాటికి ఫీజు పండు రూపంలో ముందే ముడుతుంది.

చెట్లు కొట్టేసిన నేలలో ఎండ తగలగానే ఏపుగా ఎగబాకే జాతులు కొన్ని ఉన్నాయి. మా దృష్టిలో టాపర్లు అవే. వాటి కలప మెత్తన, ఆయుష్షు తక్కువ. వాటి నీడలో చేరిన నిదానపు మొలకలే చివరకు వాటి చోటును ఆక్రమిస్తాయి. ఈ సంగతి బ్రోచరులో వేయనక్కరలేదు.

సాగు వదిలేసిన ఉష్ణమండల భూములు తమంతట తాము అడవిగా మారేటప్పుడు నేల పదేళ్లలోపే కోలుకున్నా, చెట్ల మొత్తం బరువూ జాతుల కూర్పూ పాత అడవి స్థాయికి రావడానికి 120 ఏళ్లు దాటుతుందని 2021లో ఒక అంతర్జాతీయ పరిశోధక బృందం లెక్కగట్టింది. మాది రెండేళ్ల కోర్సు. అడ్మిషన్ల సీజన్ లోపు ఫలితం చూపాలి కనుక ఆ తుమికి మొక్కతోనే మొదలుపెడదామనుకున్నాను. చిక్కల్లా ఫొటో దగ్గర వచ్చింది. పైన చూపించడానికి ఐదు ఆకులే ఉన్నాయి. పెరిగింది వేరు మాత్రమే కాబట్టి ఫ్లెక్సీ మీద వేరు ఫొటో వేయాలి, అందుకు మొక్కను పీకాలి. ఆ పనికి మా ఊళ్లో అనుభవజ్ఞులకు కొదవ లేదు.