కిందున్న బండ గారికి, వాగు ఒడ్డు నుంచి

మహారాజశ్రీ నల్లగొండ జిల్లా గ్రానైటు బండ గారి సముఖమునకు,

తమరు క్షేమమని తలుస్తాం. సుమారు 250 కోట్ల ఏళ్లుగా క్షేమంగానే ఉన్నారు కదా, ఈ ఎండాకాలం కొత్తగా ఏమవుతుంది!

సంగతేమంటే, మొన్న ఆదివారం మధ్యాహ్నమంతా తమరి మూలంగా పోయింది. వాగు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉన్నాయని, ఎగువన ఎవడో దొంగచాటుగా పైపు వదిలి ఉంటాడని, నీళ్లలో కరిగిన ఉప్పును కొలిచే టీడీఎస్ పెన్ను పట్టుకొని నాలుగు కిలోమీటర్లు వెతుకులాట. పైపూ లేదు, ఫ్యాక్టరీ లేదు. మూడు బర్రెలున్నాయి, వాటి మీద కేసు పెట్టలేం. తీరా నల్లరాయి గట్టు దగ్గరికి వచ్చేసరికి పెన్నులో అంకె రెట్టింపైంది. గట్టుకు ఎగువన ఒడ్డంతా తెల్లగా చౌడు. చెప్పు మొనతో గీకితే అప్పడంలా పెళుసుగా లేచింది. దొంగ తమరేనన్నమాట.

ఆ నల్లరాయి, అదే డోలరైటు డైకు, తమరి పగుళ్లలో నిలువుగా దిగిన గోడ. భూమి లోపల కట్టిన కత్వ, అంటే అడ్డుకట్ట అనుకోండి. వాలుకు నడిచే భూగర్భజలం దానికి తగిలి ఎగువన మట్టం పెంచుకుంటుంది, పైకి ఊరుతుంది. ఎండకు నీళ్లు ఆవిరైపోతే ఉప్పు ఒడ్డున మిగులుతుంది. కొంత ఊట అటే వాగులోకి జారుతుంది. ఈ కత్వకు టెండరు పిలవలేదు, బిల్లు పెట్టలేదు, అయినా పని మాత్రం గట్టిగా చేశారు. అభినందనలు.

ఆగస్టులో వాగులో పారేది వాన. ఎర్రగా, బురదగా ఉంటుంది గానీ ఉప్పు తక్కువ. ఏప్రిల్‌లో పారేది తమరు. పైన వాన లేదు, చెరువు అలుగు లేదు, అయినా సన్నగా నీళ్లు కదులుతున్నాయంటే అవి తమరి పగుళ్లలో ఏళ్ల తరబడి కాపురం చేసి వచ్చినవి. వేళ్ల దగ్గర బొగ్గుపులుసు వాయువు కలుపుకున్న వాన నీళ్లు తమరిలోని ఖనిజమైన ఫెల్డ్‌స్పార్‌ను కొరికి మట్టి చేస్తాయి. ఆ కొరుకుడులో సోడియం, కాల్షియం, బైకార్బొనేట్ నీళ్లలో కలుస్తాయి. ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఉప్పు. పేరు డిండిది, మూసీది, వాటిలో కలిసే వాగులది. సరుకు మాత్రం తమరిది. తిట్లు నదికి, రాబడి తమరికి!

అక్కడితో ఆగినా ఓర్చుకునేవాళ్లం. ఉప్పు నాలుకకు తెలుస్తుంది, పెన్నుకు తెలుస్తుంది. ఫ్లోరైడ్ సంగతేంటి? లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దన్నారు. నువ్వు మూడు పెట్టినా అది ఎనిమిది వందల టీడీఎస్‌లో ఎక్కడ కనపడాలి? పెన్ను కొలిచేది కరెంటు ఎంత పారుతుందో. దాన్ని 0.5 నుంచి 0.7 మధ్య ఏదో అంకెతో గుణించి ఉప్పని చూపిస్తుంది. ఒకే గ్లాసులో రెండు కంపెనీల పెన్నులు ముంచితే రెండు జవాబులు. ఇక ఫ్లోరైడ్‌ను అదేం పట్టుకుంటుంది?

నీ అసలు దొంగతనం ఇంకా ఉంది. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ నిలవదు, కాల్షియం దాన్ని పట్టేస్తుంది. నువ్వేం చేస్తావు? మొరంలో ఆ కాల్షియాన్ని సున్నపు గడ్డలుగా దాచేసుకుంటావు. మిగిలిన నీళ్లు సుతిమెత్తగా ఉంటాయి. సబ్బు నురగ బాగొస్తుంది, పప్పు చప్పున ఉడుకుతుంది, "మంచి నీళ్లు" అని బిందెలు వరుస కడతాయి. అన్నిచోట్లా కాదు గానీ, చాలాచోట్ల ఆ మెత్తటి నీళ్లే మోకాళ్లు వంచాయి. ఫ్లోరైడ్ మరిగించినా పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి గిలకొట్టి, తేర్చి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు "నల్లగొండ టెక్నిక్" అని పేరు పెట్టారు. ఊరి పేరు ప్రపంచానికి ఇలా తెలియాలా? సిగ్గు లేదా నీకు?

దిగువన వాడపల్లి దగ్గరి సున్నపురాయిని చూసి నేర్చుకో. అది గిన్నెకు తెల్ల గార పట్టిస్తుంది, చేసేది దాచుకోదు.

అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీ మీద బోరు పాయింటు చూపించేవాళ్ల సంగతి ఇక్కడెందుకు, వాళ్లకు విడిగా రాస్తాం.

సరే, మొత్తం నీ నెత్తిన వేయడం అన్యాయమే. గ్రానైటులో క్లోరైడ్ ఏపాటిది! బైకార్బొనేటూ ఫ్లోరైడూ పెరిగితే నీ పని, క్లోరైడూ నైట్రేటూ కలిసి పెరిగితే మా పెంటకుప్పల, యూరియా, మురుగు పని. పైగా లీటరుకు గ్రాము ఉప్పున్న బోరు నీళ్లను ఎకరం వరికి 40 అంగుళాలు పెడితే 41 లక్షల లీటర్లు, నాలుగు టన్నుల ఉప్పు. అంటే యాభై కిలోల సంచులు ఎనభై. వరి నీళ్లు తాగుతుంది, ఉప్పును దాదాపు ముట్టదు. అది కిందికి దిగి, నీ పగుళ్లు పట్టుకొని మళ్లీ వాగుకే చేరుతుంది. నువ్వు ఇచ్చిందే తిప్పి తిప్పి చిక్కగా చేసి పంపుతున్నాం.

ఈసారి నిన్ను సాక్ష్యంతో పట్టుకుంటాం. పొద్దున్నే, అర కిలోమీటరుకొక సీసా. గాజుది కాదు ప్లాస్టిక్‌ది, ఎందుకంటే ఫ్లోరైడ్‌కు గాజు పడదు. అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, ఒడ్డున కాకుండా పారే నీటి నడుమ నింపాలి. ఏ రెండు సీసాల మధ్య ఏ కాలువా కలవకుండానే అంకె ఎగురుతుందో అక్కడ నీ ఊట ఉన్నట్టు.

నిజం చెప్పాలంటే, నువ్వు అంత ఉప్పూ పెట్టి ఆ కాస్త నీళ్లు వదలకపోతే ఏప్రిల్‌లో ఆ మూడు బర్రెలకు కూడా దిక్కులేదు.

ఇట్లు,
వాగు ఒడ్డు జనం

తా.క. ఆర్వో ప్లాంటులో ఒక క్యాను మంచినీళ్లకు దాదాపు ఇంకో క్యాను చిక్కటి ఉప్పు నీళ్లు మోరీలోకి పోతున్నాయి. మోరీ వాగులోకి. చేరగానే తెలియజేయగలవు.