టిఫిన్ అవగానే వచ్చే టీ గారికి వినతి పత్రం

గౌరవనీయులైన టీ గారి సముఖమునకు,

విషయం: టిఫిన్ ప్లేటు పక్కన తమరు ఆక్రమించుకున్న స్థలాన్ని గంటసేపు ఖాళీ చేయుట గురించి.

అయ్యా,

ముందుగా తమరి సమయపాలనకు ఒక నమస్కారం. బస్సు ఆలస్యమవుతుంది, కరెంటు పోతుంది, జీతం ఒకటో తారీఖు దాటుతుంది. తమరు మాత్రం పెసరట్టు ఆఖరి ముక్క ఇంకా నోట్లో ఉండగానే గ్లాసులో పొగలు కక్కుతూ ప్రత్యక్షమవుతారు. తొందర ఉండదా మరి! పెసరట్టులోని ఇనుము పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లేలోపే తమరు అక్కడికి చేరుకోవాలి.

లెక్క చూద్దాం. 100 గ్రాముల పెసల్లో దాదాపు 5 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. రెండు అట్లకు 80 గ్రాముల పెసలు పట్టాయనుకుంటే ప్లేట్లో ఉన్నది 4 మిల్లీగ్రాములు. గింజలు, పప్పులు, ఆకుకూరల్లోని ఇనుములో మామూలుగా ఒంటికి పట్టేది నూటికి ఐదు నుంచి పది పాళ్లే. అంటే చేతికొచ్చేది అర మిల్లీగ్రాము కూడా కాదు. ఆ కాస్తలోంచి తమరికి వాటా కావాలి. తమరికి వగరునిచ్చే టానిన్లు ఇనుమును పట్టుకుని కరగని ముద్దగా మార్చేస్తాయి, అది ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. తిండితో పాటు తమరిని పుచ్చుకుంటే పట్టాల్సిన ఇనుములో సగానికి పైగా పోవచ్చని 1970ల నుంచీ ప్రయోగాలు చెబుతూనే ఉన్నాయి. ఇంత కాలంగా దొరికిపోతూ కూడా ఇంత గౌరవంగా బతుకుతున్నవారు మరొకరు లేరు.

పాలు పోశాం కదా, విరుగుడైపోయిందని తమరి భక్తులు వాదిస్తారు. కాలేదు. పాలల్లో ఉన్న కాల్షియం కూడా ఇనుముకు అడ్డుపడేదే. ఇక దమ్ పెట్టి మరిగించిన డికాక్షన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎంత చిక్కన అయితే అంత టానిన్.

తమరి కీర్తికి రాజధాని లాంటి హైదరాబాద్‌లోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వయసులో ఉన్న స్త్రీ తిండిలో రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని, పురుషుడికైతే 19 కావాలని లెక్కగట్టింది ఆ సంస్థే. తిండికి కనీసం గంట ముందూ, గంట తర్వాతా టీ, కాఫీలు వద్దని 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రాసింది కూడా వాళ్లే. కూతవేటు దూరంలోని కేఫుల్లో ఆ కాగితం ఎవరూ చదివినట్టు లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇదంతా తమరి పనే అంటే అన్యాయం. నెలసరిలో ఎక్కువగా పోయే రక్తం, దగ్గర దగ్గర కాన్పులు, చెప్పుల్లేని కాళ్లతో పొలంలోకి వెళ్తే ఒంట్లో చేరే కొంకి పురుగులు, మాంసం కంచంలోకి వచ్చినా ఇంటి ఆడవాళ్ల వంతుకు మిగిలే ఎముకలు, వీటన్నిటికీ వాటా ఉంది. ఒంట్లో ఇనుము దండిగా ఉన్నవాళ్లను తమరు పెద్దగా ఏమీ చేయలేరు కూడా. ఖాళీ ఖజానా ఉన్న ఇల్లు చూసుకుని మరీ కన్నం వేయడమే తమరి ప్రత్యేకత.

అందులోనూ తమరి పన్నాగం గొప్పది. ఇనుము తగ్గితే రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ తగ్గుతుంది, కండరాలకు ప్రాణవాయువు చాలదు, రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి తల దిమ్ముగా ఉందని మనిషి ఏం చేస్తాడు? తమరినే పిలుస్తాడు. నీరసానికి కారణాల్లో ఒకరూ తమరే, నీరసానికి మందూ తమరే. కార్పొరేట్ ఆసుపత్రులకు కూడా ఇంత చక్కటి వ్యాపారం కుదరలేదు.

మెదడు దగ్గర తమరి చేతివాటం ఇంకా నాజూకు. ఉత్సాహాన్నిచ్చే డోపమిన్, మనసును నిలకడగా ఉంచే సెరటోనిన్ తయారుకావాలంటే కొన్ని ఎంజైములు పనిచేయాలి, వాటికి ఇనుము కావాలి. అది చాలనప్పుడు చిరాకు, ఏకాగ్రత కుదరకపోవడం, చదివింది నిలవకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లు దానికి ‘పొగరు’, ‘బద్ధకం’ అని పేర్లు పెడతారు. రాత్రి పడుకోగానే కాళ్లలో ఏదో పాకినట్టుండి కదిలించకుండా ఉండలేకపోవడం, పచ్చి బియ్యం, బలపాలు, ఐసు ముక్కలు దాచుకుని నమలడం కూడా చాలాసార్లు ఇనుము లోటు గుర్తులే. బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందని ఆడపిల్లను ఆటపట్టించడం ఆపి రక్తపరీక్ష చేయించాలి. హిమోగ్లోబిన్, రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ ఒక్కటే చాలదు. ముందు ఖాళీ అయ్యేది నిల్వ, హిమోగ్లోబిన్ పడిపోయేది ఆ తర్వాత. కాబట్టి ఆ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూడాలి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ లేనిపోని ఎత్తు చూపిస్తుంది, తగ్గాక చేయిస్తే నయం.

తమరి మీద అనుమానం రాకుండా కాపాడుతున్నది ఎవరో తెలుసా? బీట్‌రూట్. ఎర్రగా ఉంది గనక రక్తం పడుతుందని దానికి పేరొచ్చింది. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు. అంతకంటే తోటకూర, నువ్వులు, ఉలవలు ఎన్నో రెట్లు మేలు. రేషన్ బియ్యంలో వందకు ఒక పాలు చొప్పున కలుపుతూ వచ్చిన బలవర్ధక గింజల్లో ఇనుము ఉండేది. వాటినేమో ప్లాస్టిక్ బియ్యమని చేటలో వేసి ఏరి పారేశారు. బీట్‌రూట్ జ్యూసుకు మాత్రం క్యూ కడతారు.

ఇప్పుడు తమరి శత్రువుల జాబితా, పారదర్శకత కోసం. మొదటివాడు నిమ్మకాయ. విటమిన్ సి ఇనుమును పేగు పీల్చుకునే రూపంలోకి తెస్తుంది, తమరి టానిన్లకు కొంత అడ్డుపడుతుంది. అయితే పప్పు ఉడుకుతుండగా నిమ్మరసం పిండితే వేడికి విటమిన్ సి చాలావరకు పోతుంది. పొయ్యి ఆపి, గిన్నె దించాక పిండాలి. జామకాయ ఇంకా బలవంతుడు, 100 గ్రాములకు 200 మిల్లీగ్రాముల పైచిలుకు విటమిన్ సి. భోజనం కాగానే సగం జామకాయ తింటే చాలు. పప్పులు నానబెట్టి మొలకెత్తిస్తే, పిండిని పులియబెడితే ఇనుముకు అడ్డుపడే ఫైటేట్లు తగ్గుతాయి. రాత్రంతా పులిసిన ఇడ్లీ పిండి ఆ పని ఎప్పటినుంచో చేస్తోంది. చింతపండు పులుసు ఇనుప మూకుట్లో కాస్తే కొంత ఇనుము పులుసులోకి దిగుతుంది, నాన్‌స్టిక్ పెనం దగ్గర ఆ సౌకర్యం లేదు. మాంసం తినేవాళ్లకు మేక కార్జం ఉంది. మాంసంలో ఉండే రకం ఇనుము తమరికి అంత సులువుగా లొంగదు. గర్భిణులు మాత్రం డాక్టర్ని అడిగి తినాలి, కార్జంలో విటమిన్ ఎ మరీ ఎక్కువ.

అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు మాత్రల విషయంలో. నాలుగో నెల నుంచి గర్భిణులకు రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఏఎన్ఎం ఎండలో తిరిగి ఆ మాత్ర చేతిలో పెడితే, దాన్ని ఒక గుక్క టీతో మింగుతారు! నీళ్లతోనో నిమ్మరసంతోనో మింగాలి. టీ, పాలు దగ్గరికి రాకూడదు. కాల్షియం మాత్రకు కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఎసిడిటీ మందులు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. వికారం వస్తే మానేయకుండా రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. విరేచనం నల్లగా కావడం మామూలే. మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందన్న మాటకు ఆధారం లేదు. రోజుకు రెండు మింగితే రెట్టింపు పట్టదు. ఒక మోతాదు పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను వదిలి దాదాపు ఒక రోజు పేగు తలుపులు సగం మూసేస్తుంది. అందుకే కొందరు డాక్టర్లు గర్భిణులు కానివాళ్లకు రోజు విడిచి రోజు రాస్తారు. హిమోగ్లోబిన్ సరిపోయిందని మాత్ర ఆపేయకూడదు, నిల్వ నిండడానికి మరో మూడు నెలలు కావాలి. ఆ సీసా చిన్నపిల్లల చేతికి అందకూడదు. మిఠాయి అనుకుని గుప్పెడు తింటే ప్రాణాల మీదికి వస్తుంది.

ప్రతి రక్తహీనతా ఇనుము లోటు కాదు. పుట్టుకతో వచ్చే తలసీమియా ట్రెయిట్ అనే రక్త దోషం, విటమిన్ బి12 లోటు కూడా నీరసమే తెస్తాయి. పరీక్ష లేకుండా నెలల తరబడి ఇనుము మింగడం మంచిది కాదు. మగవాళ్లలో, నెలసరి ఆగిన స్త్రీలలో ఇనుము తగ్గితే ముందు కడుపులోనో పేగులోనో రక్తం కారుతోందేమో చూడాలి. అది తమరి మీద తోసేసి ఊరుకునే కేసు కాదు.

కావున తమరు పెద్ద మనసు చేసుకుని ఎనిమిదింటి టిఫిన్‌కు తొమ్మిదిన్నరకు, ఒంటిగంట భోజనానికి రెండున్నరకు దయచేయవలసిందిగా కోరుతున్నాం. ఉస్మానియా బిస్కెట్టు తమరితోనే వస్తుంది, దానికేమీ అభ్యంతరం లేదు.

ఇట్లు,
తమరిని మానలేనివారు

ప్రతులు:
1. కాఫీ గారికి, తగు చర్య నిమిత్తం.
2. గ్రీన్ టీ గారికి, ఇది తమకు వర్తించదనే భ్రమలో ఉన్నందున.
3. బీట్‌రూట్ గారికి, సంజాయిషీ నిమిత్తం. వారంలోగా.