చీటీ మీద పేరు లేదు

మునిసిపల్ కార్యాలయం ఎదురుగా నాది జిరాక్సు కొట్టు. పద్నాలుగేళ్లుగా ఊరి అర్జీలన్నీ నా చేతుల మీదుగానే లోపలికి వెళ్తున్నాయి. కరోనా కాలంలో మునిసిపాలిటీ జనాన్ని కంటికి రెప్పలా కాపాడిందని మొన్న ఒక సభలో ఒకాయన మైకు పట్టుకుని చెబుతుంటే విన్నాను. అప్పటి నుంచి కడుపు మండుతోంది. పోస్టు పొడుగైంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మంచి ముందు చెప్పేస్తాను. మా పారిశుద్ధ్య కార్మికులు ఒక్క రోజు నాగా పెట్టలేదు. మూతికి చీర కొంగే మాస్కుగా కట్టుకుని వీధులు ఊడ్చినవాళ్లను చూశాను. కూరగాయల మార్కెట్టును మైదానంలోకి మార్చి సున్నంతో గళ్లు గీశారు, మంచి పనే. 2020 ఏప్రిల్ మొదట్లో మా ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీరు వచ్చి కార్డున్న ఇంటికి 1,000 రూపాయలు చేతిలో పెట్టాడు. తెలంగాణలో 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చారు. కాదనను. కానీ అవి రాష్ట్ర ప్రభుత్వాలు రేషన్ కార్డు చూసి ఇచ్చినవి. మూతపడిన కొట్టుకు, కదలని బండికి మునిసిపాలిటీ తనంతట తాను ఏం చేసిందో ఎవరైనా చెప్పండి.

నా సంగతే చూడండి. రెండు నెలలకు పైగా షట్టరు ఎత్తలేదు. ఎత్తవద్దని వాళ్లే చెప్పారు. ఆ ఏడాది ట్రేడ్ లైసెన్సు రుసుము మాత్రం పైసా తగ్గకుండా కట్టించుకున్నారు. ఆలస్యమైందని అపరాధ రుసుము అదనం. ఆ లైసెన్సు అసలు పేరు తెలుసా? డి అండ్ ఓ, అంటే ప్రమాదకర, అభ్యంతరకర వ్యాపారాలు. ఆధార్ కార్డు నకళ్లు తీసే నేనూ ఊరికి ప్రమాదకరమేనట! సరే, నాకు కనీసం ఒక లైసెన్సు, ఒక నంబరు ఉన్నాయి. నేను ఉన్నానని వాళ్ల పుస్తకంలో ఉంది.

నా కొట్టు పక్కన మిరపకాయ బజ్జీల బండి పెట్టే ఆవిడకు అదీ లేదు.

2020 జూన్‌లో కేంద్రం పీఎం స్వనిధి తెచ్చింది. వీధి వ్యాపారికి 10,000 రూపాయల అప్పు, ఏడాదిలో నెలవారీ వాయిదాలు, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. ఆ ఏడాది మార్చి 24 నాటికే వ్యాపారం చేస్తూ ఉండాలి. మునిసిపాలిటీ ఇచ్చిన గుర్తింపు పత్రం కావాలి. అది లేనివారికి సిఫారసు లేఖ కావాలి. ఆవిడ ఒక ఇనుప ఊచ పట్టుకుని నా కొట్టుకు వచ్చింది. ఊచకు గుచ్చిన ఆశీలు చీటీలు, అంటే బండి పెట్టినందుకు రోజూ వసూలు చేసే రుసుము రసీదులు. అడుగున ఉన్నవి నూనె మరకలతో పసుపు పచ్చగా మారిపోయాయి. రెండేళ్లవి. “బాబూ, ఇవన్నీ జిరాక్సు తీయి, నేను ఎప్పటి నుంచి బండి పెడుతున్నానో దీంట్లోనే ఉంది” అంది. అన్నీ ఎందుకమ్మా అని నెలకొకటి చొప్పున తీసిచ్చాను. డబ్బులు తీసుకోలేదు, అది వేరే సంగతి.

అరగంటలో వెనక్కి వచ్చింది. లోపల గుమాస్తా చీటీ తిప్పి చూసి, “దీని మీద నీ పేరు ఎక్కడుంది?” అన్నాడట.

నిజమే, లేదు. మునిసిపాలిటీ ముద్ర ఉంది, క్రమసంఖ్య ఉంది, పది రూపాయలని ఉంది. ఏటా ఆశీలు వేలంపాట పెట్టి, పాడుకున్న కాంట్రాక్టరు చేత రోజూ ఆవిడ దగ్గర వసూలు చేయించింది ఈ కార్యాలయమే. వాన కురిసినా ఆ వసూలు కుర్రవాడు బండి ముందుకు రాకుండా లేడు. పది రూపాయలు తీసుకునేటప్పుడు బండి ఎవరిదో అక్కర లేదు. పది వేల అప్పుకు ఒక కాగితం రాయాల్సి వచ్చేసరికి నువ్వెవరు అని అడిగారు. చట్టం లేదా అంటే ఉంది. వీధి వ్యాపారుల చట్టం 2014 నాటిది. ఐదేళ్లకోసారైనా సర్వే చేయాలి, పట్టణ విక్రయ కమిటీ వేయాలి, అందులో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. మా ఊళ్లో ఆ కమిటీ ఎప్పుడైనా కూర్చుంటే వాళ్ల కాగితాలు నా దగ్గరికే జిరాక్సుకు రావాలి. నేనైతే చూడలేదు.

ఇంకా మండేది ఏమిటంటే, ఏ రుజువూ లేనివాళ్లు తెల్ల కాగితం మీద అర్జీ ఇస్తే స్థానికంగా విచారించి లేఖ ఇవ్వాలని స్వనిధి నిబంధనల్లోనే ఉంది. విచారణ అంటే రోడ్డు దాటడం. కార్యాలయం మెట్ల మీద నిలబడితే బజ్జీల వాసన వస్తుంది. అర్జీ నేనే రాసిచ్చాను. మూడుసార్లు రాసిచ్చాను.

ఆ నవంబరులో రాష్ట్రం జగనన్న తోడు పేరుతో వడ్డీ లేని 10,000 అప్పు మొదలుపెట్టింది. అప్పుడు వార్డు సచివాలయం నుంచి ఒక అమ్మాయి నేరుగా బండి దగ్గరికి వచ్చి, పేరు, ఆధార్, ఫోను నంబరు రాసుకుని వెళ్లింది. పావుగంట పట్టిందేమో. అంటే ఇన్నాళ్లూ చేయలేక కాదు.

అదే సమయంలో హైదరాబాదులో ఏం జరిగిందో గుర్తుందా? దీపావళి కానుక అంటూ, 15,000 రూపాయల లోపు ఇంటిపన్ను కట్టేవారికి సగం తగ్గించారు. కట్టేసినవాళ్లకు మరుసటి ఏడాదికి సర్దారు. డిసెంబరు 1న కార్పొరేషన్ ఎన్నికలు ఉన్నాయి కాబట్టి ఇచ్చారని అందరికీ తెలుసు. నా గోల అది కాదు. ఇంటి యజమానుల జాబితా ఉంది కాబట్టి తలచుకున్న వెంటనే ఇవ్వగలిగారు. ఆ ఇంట్లో అద్దెకున్నవాడికి మాత్రం అద్దె రూపాయి తగ్గినట్టు నేను వినలేదు.

మా పెద్దమ్మ కొడుకు ఇంగ్లండులో చిన్న హోటల్ నడుపుతాడు. 2020లో వాళ్ల కౌన్సిల్ అతనికి 10,000 పౌండ్లు ఇచ్చింది. అప్పు కాదు, తిరిగి కట్టనక్కర లేదు. ఆ ఏడాదికి వ్యాపార పన్ను కూడా మాఫీ. వాళ్లు ధనవంతులు, మనం కాదు, ఆ లెక్క నాకూ తెలుసు. కానీ పన్ను వసూలు చేసే జాబితానే తీసి, అందులో ఉన్నవాళ్లకే ఇచ్చారు చూశారా, నేను అడుగుతున్నది అది. వసూలుకు పనికొచ్చిన కాగితం సాయానికీ పనికిరావాలి కదా.

ఇప్పుడు స్వనిధి మొదటి అప్పు 15,000 చేశారు, 2030 వరకు పొడిగించారు. సంతోషం. ఆశీలు చీటీ మాత్రం మారలేదు. అదే ముద్ర, అదే క్రమసంఖ్య, పేరుకు చోటు లేదు. నిన్న సాయంత్రం ఆవిడ ఆ రోజు చీటీ తెచ్చి, వెనక తన పేరు రాయమంది. ఎందుకమ్మా అంటే, “మళ్లీ ఏ రోగం వస్తుందో ఎవరికి తెలుసు బాబూ” అంది. పేరు రాసి, తేదీ వేసి, పైన నా కొట్టు ముద్ర కూడా వేసిచ్చాను. ఆ ముద్ర లోపల చెల్లదని ఆవిడకు చెప్పలేదు. బండి దగ్గరికి వెళ్లి దాన్ని ఊచకు గుచ్చుకుంది.