పోలీసుల షీట్ ఎవరు తెరుస్తారు?

మన పోలీసు స్టేషన్లలో రౌడీషీట్‌కు ఉన్నంత ఆయుష్షు మరే కాగితానికీ ఉండదు. కేసు కొట్టేసినా, రాజీ కుదిరినా, మనిషి ఊరొదిలి వెళ్లి వేరే పని చేసుకుని బతుకుతున్నా షీట్ మాత్రం బీరువాలో భద్రంగా ఉంటుంది. స్టాండింగ్ ఆర్డర్ 601 కింద ఒకసారి పేరెక్కితే ఎన్నికలకు ముందు, వినాయక నిమజ్జనానికి ముందు, కొత్త సీఐ బాధ్యతలు తీసుకున్నప్పుడు స్టేషన్‌కు రమ్మని కబురు వస్తుంది. కౌన్సెలింగ్ పేరుతో వరసగా కూర్చోబెడతారు. ఆ ఫొటో మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది. దీని వెనకున్న తర్కాన్ని పోలీసులు దాచుకోరు: ఒకసారి చెయ్యి చేసుకున్నవాడు మళ్లీ చేసుకోవచ్చు, అందుకని అతని గతం ఒకచోట రాసి ఉండాలి.

తర్కం సరైనదే అనుకుందాం. లాఠీ, తుపాకీ, అరెస్టు చేసే అధికారం చేతిలో ఉన్నవాడికి అది ఎందుకు వర్తించదు?

పోలీసు తప్పు చేశాడని గొడవైనప్పుడు జరిగే తంతు పత్రికలు చదివే అందరికీ తెలిసిందే. వీడియో బయటికొస్తుంది. సాయంత్రానికి ఎస్సైని ‘వీఆర్‌కు పంపారు’ అని వార్త వస్తుంది. వీఆర్ అంటే వేకెన్సీ రిజర్వ్. స్టేషన్ ఉండదు, జీతం ఉంటుంది. గొడవ కాస్త పెద్దదైతే సస్పెన్షన్, దానితోపాటు ‘శాఖాపరమైన విచారణకు ఆదేశం’. ఆ తరవాతి వార్త మాత్రం రాదు. విచారణలో ఏం తేలిందో, ఇంక్రిమెంట్ ఆపారో, చార్జి మెమోతో సరిపెట్టారో బయటివాళ్లకు తెలియదు. కొన్ని నెలలకు అదే అధికారి మరో మండలంలో బాధ్యతలు చేపట్టి పూలబొకే అందుకుంటాడు. అక్కడి జనానికి ఆయన కొత్త మనిషి.

సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు కదా అంటారు. అడిగినవాళ్లకు వచ్చే జవాబు దాదాపు అచ్చుపోసినట్టు ఉంటుంది: వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేం. ఈ జవాబుకు మూలం 2012లో గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఆ కేసు పోలీసులది కాదు, ప్రావిడెంట్ ఫండ్ కార్యాలయంలోని ఒక ఎన్‌ఫోర్స్‌మెంట్ అధికారికి సంబంధించినది. మెమోలు, షోకాజ్ నోటీసులు, శిక్షలు ఉద్యోగికీ యజమానికీ మధ్య విషయమని, అవి వ్యక్తిగత సమాచారమని కోర్టు చెప్పింది. పీఎఫ్ ఉద్యోగి ఎవరినీ లాకప్‌లో పెట్టడు. అయినా ఆ తీర్పు గొడుగు కిందికి పోలీసు శాఖ కూడా హాయిగా చేరింది.

అప్పటికి చిన్న సందైనా ఉండేది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని, చట్టసభకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించరాదని, వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 8(1)(జె)లోనే రాసి ఉండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ మాటలను తీసేసింది. 2025 నవంబరులో ఆ సవరణ అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఆ సెక్షన్‌లో మిగిలింది ‘వ్యక్తిగత సమాచారం’ అన్న ముక్క ఒక్కటే. పౌరుల గోప్యత కోసం తెచ్చామన్న చట్టం అధికారి దండన చరిత్రకు తాళం వేసిందన్నమాట.

ఇలాంటి తాళాన్నే న్యూయార్క్ రాష్ట్రం 44 ఏళ్లు వేసుకుని చూసింది. అక్కడ దాని పేరు 50-ఎ. 1976లో చట్టమైంది. కోర్టులో సాక్ష్యం చెప్పే పోలీసులను డిఫెన్స్ లాయర్లు పాత ఫిర్యాదులు తవ్వి వేధిస్తున్నారన్నది అప్పట్లో చెప్పిన కారణం. ఆ కారణంలో కొంత న్యాయం లేకపోలేదు. కానీ చిన్న అవసరానికి చేసిన చట్టం క్రమంగా ఎలా విస్తరించిందంటే, చివరికి పోలీసు దండన రికార్డు అంతా దాని కిందికే వచ్చేసింది. 2014 జులైలో ఎరిక్ గార్నర్ అనే నల్లజాతీయుడి మెడ చుట్టూ చెయ్యి బిగించి పడగొట్టి, అతని చావుకు కారణమైన డేనియల్ పాంటలియో అనే పోలీసుపై అంతకుముందు ఎన్ని ఫిర్యాదులున్నాయని జనం అడిగితే నగరం ఈ చట్టాన్నే చూపించింది. 2017లో ఎవరో ఆ రికార్డు బయటికి పంపితేగాని అసలు సంగతి తెలియలేదు. అతని ఉద్యోగం పోవడానికి 2019 ఆగస్టు దాకా పట్టింది.

పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి మరణం తరవాత, 2020 జూన్‌లో, న్యూయార్క్ 50-ఎను రద్దు చేసింది. వెంటనే పోలీసు సంఘాలు కోర్టుకెళ్లాయి. ఆ మధ్యలోనే ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ సుమారు 4,000 మంది పోలీసుల వివరాలను అందరూ వెతుక్కునేలా ప్రచురించింది. కనీసం ఒక్క ఆరోపణైనా విచారణలో రుజువైనవారి పేర్లే అందులో పెట్టింది. న్యూయార్క్ పౌరహక్కుల సంఘం అలా వడపోయకుండా 3,23,911 ఫిర్యాదుల రికార్డులను మొత్తంగా బయటపెట్టింది. ఈ రెండు పద్ధతుల మధ్య తేడా చిన్నది కాదు, దాని దగ్గరకు మళ్లీ వస్తాను. పోలీసు సంఘాల ప్రధాన వాదన పేర్లు బయటపడితే తమ ప్రాణాలకు ముప్పు అని. 2021 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు దాన్ని అంగీకరించలేదు. ఇలాంటి రికార్డులను ఎప్పటినుంచో బయటపెడుతున్న రాష్ట్రాల్లో పోలీసులకు ప్రమాదం పెరిగిందనడానికి మీరు ఆధారం చూపలేదు కదా అంది.

షికాగో సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. జేమీ కాల్వెన్ అనే పాత్రికేయుడు ఏళ్ల తరబడి పోరాడితే, పోలీసులపై ఫిర్యాదుల విచారణ పత్రాలు ప్రజలవేనని 2014లో ఇల్లినాయ్ అప్పీలు కోర్టు తేల్చింది. వాటితో 2015లో పోలీసులపై ఫిర్యాదులను అందరూ వెతుక్కోగల డేటాబేస్ తయారైంది. 2014 అక్టోబరులో ఒక నల్లజాతి కుర్రాడిపై 16 సార్లు కాల్పులు జరిపిన జేసన్ వాన్ డైక్ అనే పోలీసు పేరు కొడితే సుమారు 20 ఫిర్యాదులు కనిపించాయి. ఒక్కదానికీ శిక్ష లేదు. విడివిడిగా చూస్తే ప్రతి ఫిర్యాదూ ‘ఆధారాలు లేవు’ అని మూసేయదగినదే: ఒకవైపు పోలీసు మాట, మరోవైపు పేదవాడి మాట. 20 ఒకచోట చేరితేనే పై అధికారి ఎన్నిసార్లు కళ్లు మూసుకున్నాడో లెక్క తేలుతుంది. నా దృష్టిలో ఈ రికార్డుల అసలు ఉపయోగం ఇదే. ఒక పోలీసు చెడ్డవాడని తెలియడం కన్నా, అతనికి ఎవరెవరు కాపు కాశారో తెలియడం ముఖ్యం.

అమెరికాలో అంతా సవ్యంగా ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒకచోట ఉద్యోగం పోగొట్టుకున్న పోలీసు పక్క రాష్ట్రంలో చేరిపోకుండా చూసేందుకు జాతీయ డేటాబేస్ ఉండాలన్న మాట 2020లో ట్రంప్ ఉత్తర్వులోనే ఉంది. బైడెన్ 2022లో మరో ఉత్తర్వు ఇచ్చి, 2023 డిసెంబరులో దాన్ని మొదలుపెట్టించారు. అదీ కేంద్ర ఏజెన్సీల సిబ్బంది వరకే, జనం చూడటానికి వీల్లేకుండానే. 2025 జనవరిలో ట్రంప్ తిరిగి రాగానే బైడెన్ ఉత్తర్వు రద్దయింది, డేటాబేస్ మూతపడింది.

తెలుగువాళ్లకు ఈ సంగతి పరాయిది కాదు. 2023 జనవరి 23న సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న మన ఆదోని అమ్మాయిని పోలీసు కారు ఢీకొట్టి చంపింది. 23 ఏళ్ల విద్యార్థిని. గంటకు 25 మైళ్ల హద్దున్న వీధిలో ఆ కారు 74 మైళ్ల దాకా వెళ్లింది. ఆ రాత్రి మరో పోలీసు, డేనియల్ ఆడరర్, తన సంఘం అధ్యక్షుడితో ఫోనులో మాట్లాడుతూ నవ్వాడు. 11 వేల డాలర్లకు చెక్కు రాస్తే సరి, ఆమె విలువ పరిమితమే అన్నాడు. ఒంటి మీది కెమెరా ఆగలేదని గమనించుకోలేదు. రోజువారీ పనిలో ఆ రికార్డింగ్ చూసిన శాఖ ఉద్యోగి ఒకరు పై అధికారులకు చెప్పారు. అది పోలీసు జవాబుదారీ కార్యాలయానికి చేరింది. సెప్టెంబరులో శాఖే వీడియో విడుదల చేసింది. 2024 జులైలో ఆడరర్‌ను ఉద్యోగం నుంచి తీసేశారు. కారు నడిపిన కెవిన్ డేవ్‌ను అంతకుముందు అరిజోనాలోని టూసన్ పోలీసు శాఖ తొలగించిందన్న సంగతి కూడా తరవాత బయటికొచ్చింది. అతనిపై క్రిమినల్ కేసు పెట్టేందుకు ప్రాసిక్యూటర్ 2024 ఫిబ్రవరిలో నిరాకరించారు. ఉద్యోగం 2025 జనవరిలో పోయింది. న్యాయం జరిగిందని ఆదోనిలో ఎవరూ అనుకోరు. కానీ ఎవరిని, ఎప్పుడు, ఏ నిబంధన కింద తీసేశారో మనం ఇక్కడ కూర్చుని చదవగలుగుతున్నాం. అదే ఆదోని పక్క మండలంలో ఒక కానిస్టేబుల్‌పై జరిగిన విచారణ ఏమైందో చదవలేం.

మన దగ్గర ఆదేశాలకు కొదవ లేదు. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో పోలీసు ఫిర్యాదుల అథారిటీ పెట్టమంది. డీఎస్పీ, ఆ కింది స్థాయివారిపై జిల్లాలో, ఎస్పీ, ఆ పైవారిపై రాష్ట్ర స్థాయిలో విచారణ జరగాలని, సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడాలని కూడా చెప్పింది. పదిహేనేళ్లు గడిచాక, 2021లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర అథారిటీకి విశ్రాంత న్యాయమూర్తి కనగరాజ్‌ను చైర్మన్‌గా నియమిస్తే, వయోపరిమితి దాటిందన్న పిటిషన్‌పై హైకోర్టు ఆ నియామకాన్ని నిలిపేసింది. స్టేషన్‌లో సీసీ కెమెరాలుండాలని, రికార్డింగ్ ఏడాదిన్నర, కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని 2020 డిసెంబరులో మరో తీర్పు వచ్చింది. అయిదేళ్లు తిరగకముందే, రాజస్థాన్‌లో 8 నెలల్లో 11 మంది కస్టడీలో చనిపోయారన్న పత్రికా వార్త చూసి సుప్రీంకోర్టే మళ్లీ కలగజేసుకోవలసి వచ్చింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2001 నుంచి 2020 దాకా కస్టడీ మరణాలు 1,888, శిక్ష పడిన పోలీసులు 26 మంది. ఈ అంకెలు రాష్ట్రాలవారీగా దొరుకుతాయి. స్టేషన్‌వారీగా దొరకవు, అధికారి పేరుతో అసలే దొరకవు.

ఒక్కసారి మాత్రం పేర్లతో సహా అంతా బయటికొచ్చింది. 2019 డిసెంబరు 6న దిశ కేసు నిందితులను కాల్చి చంపిన చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్‌పై సిర్పూర్కర్ కమిషన్ ఇచ్చిన నివేదికను సీల్డు కవరులోనే ఉంచమని తెలంగాణ ప్రభుత్వం కోరితే, 2022 మేలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని అందులో ఉంది. ఎన్‌కౌంటర్ రోజున పోలీసులపై పూలు చల్లిన జనంలో ఎంతమంది ఆ నివేదిక తిరగేశారో గాని, అలా చల్లగలిగామంటే మనకూ ఈ గోప్యతలో వాటా ఉంది.

ఇప్పుడు అభ్యంతరాలు. పోలీసులపై వచ్చే ఫిర్యాదులన్నీ నిజం కావు. కేసులో ఇరుక్కున్నవాడు బేరానికి పెట్టేవి ఉంటాయి, స్థానిక నాయకుడు కక్షతో పెట్టించేవి ఉంటాయి. అందుకే న్యూయార్క్‌లో కనిపించిన రెండు పద్ధతుల్లో మనకు మొదటిదే నయమని నా అభిప్రాయం: రుజువైనవి పేరుతో, మిగిలినవి స్టేషన్‌వారీ సంఖ్యలతో. కాలిఫోర్నియా 2019 నుంచి అమలు చేస్తున్న చట్టం కూడా ఇంచుమించు ఈ దారిదే. కాల్పులు, తీవ్ర బలప్రయోగం, రుజువైన లైంగిక దాడి, రుజువైన అబద్ధపు సాక్ష్యం వంటి వాటి రికార్డులే ముందు తెరిచింది. ఇంటి చిరునామా, కుటుంబ వివరాలు ఎక్కడా అక్కర్లేదు.

రెండో అభ్యంతరం పోలీసు శాఖ లోపలి నుంచి వచ్చేది, దీన్ని నేను ఎక్కువగా పట్టించుకుంటాను. పేర్లు బయటపెట్టడం మొదలైతే జాబితా నిండా కానిస్టేబుళ్లు, హోంగార్డులే ఉంటారు. ‘కాస్త గట్టిగా అడగండి’ అని ఫోనులో చెప్పిన అధికారి ఏ కాగితంలోనూ ఉండడు. సెలవు దొరకక, బందోబస్తుకూ స్టేషన్‌కూ మధ్య నలిగే మనిషి ఒక్కడే దోషిగా మిగులుతాడు. ఇది నిజమైన ప్రమాదం. దీనికి విరుగుడు జాబితా మానేయడం కాదు, ప్రతి ఘటన పక్కన అప్పటి స్టేషన్ హౌస్ అధికారి, డీఎస్పీ, ఎస్పీ పేర్లు కూడా రాయడం. బదిలీపై వెళ్లినా ఆ నమోదు వాళ్ల వెంట వెళ్లాలి.

ఇదంతా జరిగే దాకా చేతులు కట్టుకోనక్కర్లేదు. సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 8(2) ఇంకా బతికే ఉంది. రక్షించాల్సిన ప్రయోజనాలకు జరిగే హాని కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చని అది చెబుతుంది. పైగా పేరు అడగనప్పుడు వ్యక్తిగత సమాచారమన్న సాకు నిలవదు. గత అయిదేళ్లలో ఫలానా సబ్‌డివిజన్‌లో హోదాలవారీగా ఎన్ని శాఖాపరమైన విచారణలు మొదలయ్యాయి, ఎన్ని ముగిశాయి, ఎన్నింటిలో శిక్ష పడింది, ఏ శిక్ష, ఎన్ని ఏడాది దాటి పెండింగులో ఉన్నాయి అని జిల్లా ఎస్పీ కార్యాలయానికి దరఖాస్తు పెట్టవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు, ఆ తరవాత సమాచార కమిషన్. ఒక జిల్లా విలేకరులంతా కలిసి ఒకే ప్రశ్నను అన్ని సబ్‌డివిజన్లకూ పంపితే, ఏ అంకె వచ్చినా, ఏ అంకె రాకపోయినా అది మొదటి పేజీ వార్తే.