సవరణ: స్నేక్‌స్కిన్ వెయిల్ గురించి తప్పుగా రాసినవి

మేజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలోని స్నేక్‌స్కిన్ వెయిల్ కార్డు (కాల్డ్‌హైమ్ సెట్, 2021) మీద ముందు పెట్టిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. ఒక్క పచ్చ మానాతో (కార్డులు వెయ్యడానికి ఖర్చుపెట్టే శక్తి) వేసే ఇన్‌స్టంట్ ఇది, అంటే ప్రత్యర్థి టర్న్‌లో కూడా వెయ్యగల స్పెల్. మీ క్రీచర్ మీద ఒక +1/+1 కౌంటర్ (దెబ్బ బలం, తట్టుకునే శక్తి ఒక్కోటి పెంచే గుర్తు) పెట్టి, ఆ టర్న్ ముగిసేదాకా హెక్స్‌ప్రూఫ్ ఇస్తుంది, అంటే ప్రత్యర్థి దాన్ని టార్గెట్‌గా ఎంచుకోలేడు.

పెరిగిన బలం టర్న్ చివర పోతుందని రాశాం. పోదు. పోయేది హెక్స్‌ప్రూఫే, కౌంటర్ ఉండిపోతుంది. ఆ లెక్కన +3/+3 ఇచ్చి టర్న్ చివర మాయమయ్యే స్పెల్ కంటే దీన్ని కింద పెట్టడం మా పొరపాటే.

రెండోది ఇంకా పెద్దది: ‘ఏ రిమూవల్ (క్రీచర్‌ని తొలగించే కార్డు) నుంచైనా కాపాడుతుంది’ అన్నాం. ఆ క్రీచర్‌ని టార్గెట్ చేసే వాటి నుంచి మాత్రమే. బోర్డంతా ఊడ్చేసే స్పెల్స్, ‘ఒక క్రీచర్‌ని నువ్వే బలి ఇవ్వు’ అనేవి దాన్ని టార్గెట్ చెయ్యవు కాబట్టి వెయిల్ వాటినేమీ చెయ్యలేదు. ప్రత్యర్థి వేసిన పాసిఫిజం (క్రీచర్‌కి అతుక్కుని, దాన్ని దాడి చెయ్యకుండా, అడ్డుకోకుండా ఆపే కార్డు) అప్పటికే అతుక్కుని ఉంటే అదీ ఊడదు. పాసిఫిజం ఇంకా స్టాక్ మీద (వేశాక అమలయ్యే ముందు స్పెల్స్ వేచి ఉండే చోటు) ఉండగా వెయిల్ వేస్తేనే అది వీగిపోతుంది.

క్రీచర్లు దాడి చేసే, అడ్డుకునే కంబాట్‌లో టైమింగ్ ముఖ్యం. దాడి చేస్తున్న మీ 2/2 (బలం 2, తట్టుకునే శక్తి 2) క్రీచర్‌కి ఎదుటి 2/2 అడ్డొస్తే, బ్లాక్‌లు ప్రకటించాకే వెయ్యండి: మీది 3/3గా బతుకుతుంది, అవతలిది చస్తుంది. ముందే వేస్తే వాళ్లు బ్లాకే చెయ్యరు. డెత్‌టచ్ (ఏ కొంచెం దెబ్బ తగిలినా చంపేసే గుణం) ఉన్నదాని ముందు కౌంటర్ దండగే. ప్రత్యర్థి దగ్గర వాడని మానా ఉంటే మాత్రం తొందరపడొద్దు. వెయిల్‌కి జవాబుగా ఆ క్రీచర్‌ని చంపేస్తే రెండు కార్డులూ పోయినట్టే. వాళ్లు ముందు చెయ్యి కదపాలి, మీరు తర్వాత.